తాళం పగలకుండానే వాకిలి మూతపడితే? జనగణన పోర్టల్‌ను మనం అడగాల్సిన ప్రశ్న

ఈసారి జనగణనలో కొత్తగా వచ్చిన వెసులుబాటు స్వీయ గణన. ఎన్యూమరేటరు వచ్చేదాకా ఆగకుండా మన ఇంటి వివరాలు మనమే పోర్టల్‌లో నింపుకోవచ్చు. చాలామందికి ఇది ఒక సౌకర్యం, అంతే. తెలుగు రాష్ట్రాలకు బయట తరతరాలుగా స్థిరపడిన మనకు మాత్రం అంతకంటే ఎక్కువ. ఎందుకంటే ఆ లెక్కలో మాతృభాష అనే గడి ఒకటి ఉంటుంది.

2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా నమోదైనవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 36 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలకు పైగా. ఈ అంకెలు నిజం కంటే తక్కువన్నది మనలో చాలామంది మాట. ఎంత తక్కువో ఎవరూ చెప్పలేరు గానీ, తగ్గడానికి ఒక దారి మన వాకిట్లోనే ఉంది. ఎన్యూమరేటరు వచ్చి తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో అడుగుతారు. మనమూ అదే భాషలో టకటకా జవాబు చెబుతాం. పని అయిపోతుంది. మాతృభాష గడిలో ఏం పడిందో తొంగిచూసే అలవాటు మనకు లేదు. అలా ఊహతో రాయకూడదు, ఇంటివాళ్ళు చెప్పిందే రాయాలి అన్నది నిబంధన. అయితే అడగనిదే చెప్పం, చెప్పనిదే వాళ్ళు రాయరు.

జిల్లాలోగానీ తాలూకాలోగానీ ఒక భాషవాళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్నది భాషా అల్పసంఖ్యాకుల కోసం రాష్ట్రాలు ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి. హోసూరు, బళ్ళారి, రాయగడ వైపు ఈ శాతాలు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ గడిని మన చేత్తో మనమే నింపుకునే అవకాశం చిన్నదేమీ కాదు. మనుషులను లెక్కపెట్టే దశ 2027 ఫిబ్రవరిలో. మంచు ప్రాంతాలు తప్ప మిగతా దేశానికంతటికీ లెక్కకు ఆధారమైన తేదీ 2027 మార్చి 1. మాతృభాష ప్రశ్న వచ్చేది ఆ దశలోనే. జనగణన డిజిటల్‌గా, స్వీయ గణన వెసులుబాటుతో జరుగుతుందని కేంద్రం ముందే ప్రకటించింది.

మరి ఆ నాలుగు రోజుల్లో పోర్టల్ తెరుచుకోకపోతే?

‘సర్వర్ డౌన్’ అన్న మాట మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకూ తెలుసు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్ళు దాటినవారికి టీకా రిజిస్ట్రేషన్ తెరిచారో లేదో కోవిన్ మొరాయించింది. ఆ ఏడాది జూన్ 7న మొదలైన ఆదాయపు పన్ను కొత్త పోర్టల్ నెలల తరబడి తిప్పలు పెట్టింది, రిటర్నుల గడువును డిసెంబరు 31 దాకా జరపాల్సి వచ్చింది. మొదటిది రద్దీ, రెండోది సొంత లోపాలు. వీటి గురించి అందరికీ తెలుసు. మూడో కారణం ఒకటుంది, దాని గురించి మన దగ్గర మాట్లాడేది తక్కువ. ఎవరో కావాలని సర్వర్‌కు ఊపిరాడకుండా చేయడం. దొంగతనం కాదు, వాకిలి మూయించడం. చిత్రమేమిటంటే, మన భద్రత కోసం పెట్టిన తాళమే చాలాసార్లు అందుకు పనిముట్టు అవుతోంది.

బ్రౌజరులో చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు అర్థం ఇది: మన ఫోనుకూ అవతలి సర్వర్‌కూ మధ్య మాటలు మూడోవాడికి అర్థం కాకుండా రహస్య లిపిలో వెళ్తున్నాయి. ఆ సంభాషణ మొదలయ్యే ముందు రెండు వైపులా ఒక పరిచయం జరగాలి. హ్యాండ్‌షేక్ అంటారు. ఫోను ‘నమస్కారం, నాకు ఈ ఈ పద్ధతులు వచ్చు’ అంటుంది. సర్వర్ తన సర్టిఫికెట్ చూపించి, తన రహస్య తాళంచెవితో ఒక పెద్ద లెక్క చేసి, తాను తానేనని నిరూపించుకుంటుంది. ఇక్కడే ఇబ్బంది. పలకరించడం చాలా తేలిక. జవాబివ్వడం చాలా బరువు. బ్యాంకులో చలాన్ నింపి కిటికీలోంచి తోయడానికి మనకు అర నిమిషం చాలు. లోపల గుమస్తా సంతకం పోల్చాలి, ఖాతా తీయాలి, ముద్ర వేయాలి. ఒకడే వచ్చి ఉత్తుత్తి చలాన్లు వంద తోస్తే వెనకాల వరుసలో నిలబడ్డ అసలు ఖాతాదారుల గతి ఏమిటి?

ఈ తేడాను 2011 అక్టోబరులో ‘ది హ్యాకర్స్ ఛాయిస్’ అనే బృందం ఒక చిన్న ప్రోగ్రామ్‌తో బయటపెట్టింది. పరిచయంలో సర్వర్ పడే శ్రమ అవతలివాడి శ్రమకు 15 రెట్లని వాళ్ళ లెక్క. పైగా అప్పటి పద్ధతిలో, కనెక్షన్ తెంచకుండానే ‘మళ్ళీ మొదటినుంచి పరిచయం చేసుకుందాం’ అని ఎన్నిసార్లయినా అడగవచ్చు. ఒక మామూలు ల్యాప్‌టాప్ అడుగుతూ పోతే ఓ మోస్తరు సర్వర్ కూలబడేది. 2018 ఆగస్టులో ఖరారైన టీఎల్‌ఎస్ 1.3 ప్రమాణంలో ఈ ‘మళ్ళీ పరిచయం’ అన్నదే తీసేశారు. అయితే పాత టీఎల్‌ఎస్ 1.2 ఇంకా చాలా సర్వర్లలో నడుస్తూనే ఉంది, పాత ఫోన్ల కోసమని.

ఇది పద్ధతిలోనే ఉన్న బలహీనత. రాతలో దొర్లే పొరపాట్లు వేరే. ఈ తాళం పని చేసిపెట్టే ప్రోగ్రాముల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదువుకోవచ్చు. 2021 మార్చిలో నోకియా ఇంజనీర్లు అందులో ఒక లోపం పట్టారు. ‘మళ్ళీ పరిచయం’ సందేశంలో ఉండాల్సిన ఒక భాగం వదిలేసి, దాని జోడీని మాత్రం ఉంచి పంపితే, సర్వర్ లేని కాగితాన్ని తీయబోయి అక్కడికక్కడే పడిపోయేది. దానికి వందలాది కంప్యూటర్లు అక్కర్లేదు, ఒక్క సందేశం చాలు. మార్చి 17న చెబితే 25న దిద్దిన కూర్పు వచ్చేసింది.

మరుసటి ఏడాది, 2022 మార్చి 15న బయటపడింది ఇంకా చిత్రమైనది. సీవీఈ-2022-0778 అని దాని నంబరు. గూగుల్‌లో పనిచేసే టావిస్ ఆర్మండీ కనిపెట్టారు. సర్టిఫికెట్‌లో ఉండే ఎలిప్టిక్ కర్వ్ లెక్కలో ఒకచోట వర్గమూలం తీయాలి. కావాలని తప్పు అంకెలు పెట్టి సర్టిఫికెట్ తయారుచేస్తే ఆ వర్గమూలం ఎప్పటికీ తేలదు, ప్రోగ్రామ్ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. సర్టిఫికెట్ మీది సంతకం అసలుదా నకిలీదా అని చూడకముందే ఈ లెక్క జరుగుతుంది. అంటే నకిలీ అని తేలే అవకాశమే రాదు. అవతలివాళ్ళ సర్టిఫికెట్ అడిగే సర్వర్లన్నీ దీని బారిన పడగలవు. దీనికీ దిద్దుబాటు అదే రోజు విడుదలైంది.

మేము ఈ రెండు ఉదాహరణలూ ఎత్తడానికి కారణం ఉంది. వీటిలో దేనివల్లా ఒక్కరి ఆధార్ నంబరు గానీ, ఇంటి వివరాలు గానీ బయటికి పోవు. 2014 ఏప్రిల్‌లో ఇదే ప్రోగ్రామ్‌లో దొరికిన హార్ట్‌బ్లీడ్ లోపం వేరు, అది సర్వర్ జ్ఞాపకంలో ఉన్నదాన్ని బయటికి కార్చేసింది. ఇవి అలాంటివి కావు. ఇవి చేసేదల్లా వాకిలి మూయించడం. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో తర్వాత చెబుతాం.

ఇప్పటిదాకా చెప్పినవి తలుపు దగ్గరి సంగతులు. 2023లో జరిగింది తలుపు దాటి లోపలికి వచ్చాక. బ్రౌజర్లు హెచ్‌టీటీపీ/2 అనే పద్ధతిని తాళం వేసిన కనెక్షన్ల మీదే మాట్లాడతాయి. ఒక్కసారి పరిచయం అయితే చాలు, ఆ ఒక్క కనెక్షన్‌లోనే ఒకేసారి ఎన్నో విన్నపాలు పంపవచ్చు. హద్దు లేకపోతే కష్టమని, ఒక సమయంలో నూరుకు మించకుండా సర్వర్లు సాధారణంగా కట్టడి పెడతాయి.

పెళ్ళి బంతిలో నూరు ఆకులే వేశారనుకోండి. ఒకడు కూర్చుంటాడు, వడ్డన మొదలవుతుంది, పప్పు పడేలోగా లేచిపోతాడు. ఆకు ఖాళీ అయింది కాబట్టి లెక్కలో ఇంకొకడికి చోటుంది. మళ్ళీ వాడే కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. బంతిలో ఎప్పుడు చూసినా నూరుమందికి మించి కనిపించరు. వంటశాలలో మాత్రం వేలమందికి వడ్డన జరిగిపోతుంటుంది. విన్నపం పంపి వెంటనే రద్దు చేయడం, మళ్ళీ పంపడం, మళ్ళీ రద్దు చేయడం. ర్యాపిడ్ రీసెట్ అన్న దాడి ఇంతే. ఆకులు లెక్కపెట్టినవాళ్ళు లేచిపోయినవాళ్ళను లెక్కపెట్టలేదు.

2023 అక్టోబరు 10న గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ కలిసి దీన్ని ప్రకటించాయి. గూగుల్ మీద సెకనుకు 39.8 కోట్ల విన్నపాలు పడ్డాయి. క్లౌడ్‌ఫ్లేర్ మీద 20.1 కోట్లు, అమెజాన్ మీద 15.5 కోట్లు. గూగుల్ మీద రెండు నిమిషాల్లో పడ్డ విన్నపాలు, ఆ సెప్టెంబరు నెలంతా వికీపీడియా వ్యాసాలను ప్రపంచమంతా తెరిచిన సంఖ్య కంటే ఎక్కువ. మమ్మల్ని ఆపింది ఈ అంకెలు కాదు, వేరే అంకె. క్లౌడ్‌ఫ్లేర్ మీద ఆ దాడి చేసిన కంప్యూటర్లు సుమారు 20 వేలే. లక్షల యంత్రాలను గుప్పిట్లో పెట్టుకున్న ముఠాలు ఉన్న లోకంలో ఇది చిన్న గుంపు.

ఇందులో తాళానికి ఇంకో పాత్ర కూడా ఉంది. మాటలు రహస్య లిపిలో ఉన్నాయి కాబట్టి దారిలో ఉన్న కాపలాదారుకు లోపల ఏం జరుగుతోందో కనపడదు. ఎవరు కూర్చుని లేస్తున్నారో చూడగలిగేది తాళంచెవి ఉన్నవాడే, అంటే సర్వరే, లేదా ఆ తాళంచెవి అప్పగించిన ముందు వరుస సంస్థ. కాబట్టి ‘బయట ఫైర్‌వాల్ పెట్టాం, ఇక భయం లేదు’ అంటే ఇక్కడ చెల్లదు. సర్వర్ ప్రోగ్రామ్‌నే దిద్దాలి. దిద్దారు కూడా. రెండేళ్ళు తిరక్కుండానే, 2025 ఆగస్టులో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొత్త దారి చూపించారు. ఈసారి తినడానికి కూర్చున్నవాడు లేవడు, తప్పుడు సైగ చేసి వడ్డించేవాళ్ళ చేతే తనను లేపించుకుంటాడు. మేడ్‌యూరీసెట్ అని దాని పేరు. మళ్ళీ దిద్దుబాట్లు. ఇది ఆగే పని కాదు. సర్వర్ ఒకసారి పెట్టి తాళం వేసి వచ్చేసే వస్తువు కాదు, నిత్యం చూసుకోవాల్సిన చేను.

జనగణన విషయానికి వస్తే, పోర్టల్ మూతపడితే ఏమవుతుందో ఒక దేశం మనకంటే ముందే చూసింది. 2016 ఆగస్టు 9 ఆస్ట్రేలియాలో జనగణన రాత్రి. వీలైనంతమంది ఆన్‌లైన్‌లోనే నింపాలని అక్కడి గణాంక సంస్థ ప్రచారం చేసింది. ఆ రోజంతా పోర్టల్ మీద నాలుగు చిన్న దాడులు జరిగాయి. సాయంత్రం 7.30 ప్రాంతంలో, దేశమంతా భోజనాలు ముగించి ఫారం తెరిచే వేళకు, నాలుగోది వచ్చింది. విదేశాల నుంచి వచ్చేదాన్నంతా ఆపేస్తామని వేసుకున్న కట్టడి సరిగా పనిచేయలేదు. ఒక రౌటర్ పడిపోయింది, దాన్ని మళ్ళీ లేపబోతే తన అమరికలు మరిచిపోయి లేచింది. అదే సమయంలో వివరాలు బయటికి పోతున్నాయని ఒక యంత్రం హెచ్చరిక ఇచ్చింది. భయపడి అధికారులే పోర్టల్‌ను మూసేశారు. ఆ హెచ్చరిక అబద్ధమని తర్వాత తేలింది. పోర్టల్ మళ్ళీ తెరుచుకునేసరికి సుమారు 40 గంటలు పట్టింది.

ప్రధానమంత్రికి సైబర్ భద్రత సలహాదారుగా ఉన్న అలస్టేర్ మెక్‌గిబ్బన్ విచారణ జరిపి తేల్చిందేమిటంటే, ఆ దాడులు చిన్నవి, ముందే ఊహించగలిగినవి. పోర్టల్ నిర్మించిన ఐబీఎం ఆ ప్రభుత్వానికి కోట్లాది డాలర్లు చెల్లించుకుంది. ఒక్క ఇంటి వివరాలూ పోలేదు. అయినా ‘మా వివరాలు దొంగిలించారు’ అన్న అనుమానం దేశమంతా పాకింది. వాకిలి మూతపడటానికీ ఇల్లు దోచుకోవడానికీ తేడా సంస్థ సకాలంలో విడమరిచి చెప్పలేకపోయింది. చివరికి స్పందన 95 శాతం దాటింది. అంటే లెక్క చెడలేదు, చెడింది నమ్మకం.

మా ఆందోళన కూడా సరిగ్గా అక్కడే. మన దగ్గర పోర్టల్ ఒక పూట మూతపడితే లెక్కలోంచి మనం జారిపోం. స్వీయ గణన చేయని ప్రతి ఇంటికీ ఎన్యూమరేటరు వస్తారు. కానీ ‘సైట్ హ్యాక్ అయింది, నింపకండి’ అని వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగితే చాలు, మనవాళ్ళు ఫోను పక్కన పెట్టేస్తారు. అసలే భాష, కులం, ఊరు రాయాలంటే కొంత బెరుకు ఉన్న ఇళ్ళు మనవి. మళ్ళీ వాకిట్లో తమిళంలోనో కన్నడంలోనో ప్రశ్న, అదే భాషలో జవాబు. గడి ఎవరి చేతిలో ఉండాలో వాళ్ళ చేతిలోంచి మళ్ళీ జారినట్టే.

చట్టం సంగతి కొద్దిగా. అనుమతి లేకుండా ఒక కంప్యూటరు సేవను అడ్డుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద తప్పు, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. దాడి చేసేవాడు ఏ దేశంలో ఉంటాడో తెలియనప్పుడు ఈ సెక్షన్ల వల్ల ఒరిగేది తక్కువే. మాకు ఎక్కువ ఉపయోగంగా కనిపించేది 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం. సేవను అడ్డుకునే దాడి జరిగితే, గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. ప్రభుత్వ కార్యాలయాలకూ ఇది వర్తిస్తుంది. అయితే చెప్పాల్సింది సెర్ట్-ఇన్‌కు. జనానికి చెప్పమని అందులో లేదు. ఆస్ట్రేలియా అనుభవం చూశాక, రెండోదే ఎక్కువ అవసరమని మేము అనుకుంటున్నాం.

ప్రభుత్వ వెబ్‌సైట్లకు ముందుగా భద్రతా ఆడిట్ ఉంటుంది. మంచిదే. అయితే ఆడిట్ అంటే ఆ రోజు తీసిన ఫొటో. నోకియా పట్టిన లోపానికి మందు ఎనిమిది రోజుల్లో వచ్చింది, ర్యాపిడ్ రీసెట్‌కు ప్రకటనతో పాటే వచ్చింది. మందు లేక చచ్చే సర్వర్లు అరుదు, మందు వేయక చచ్చేవే ఎక్కువ. ఉదాహరణకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 కూర్పుకు ఉచిత దిద్దుబాట్లు 2023 సెప్టెంబరు 11తో ఆగిపోయాయి. దాన్నే పట్టుకుని, డబ్బు కట్టి గానీ, తమ ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థ ద్వారా గానీ దిద్దుబాట్లు తెచ్చుకోని కార్యాలయం ఏదైనా ఉంటే, అది గొళ్ళెం ఊడిన తలుపుకు కొత్త తాళం వేసినట్టు.

అందుకే మన తెలుగు సంఘాలు, భాషా అల్పసంఖ్యాకుల వేదికలు తమ రాష్ట్ర జనగణన డైరెక్టరేట్‌కు ఇప్పుడే ఒక లేఖ రాయడం మంచిదని మా అభిప్రాయం. సాంకేతిక రహస్యాలు అడగనక్కర్లేదు, వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు కూడా. అడగాల్సింది వేరే. పోర్టల్ కొన్ని గంటలు మూతపడితే ఆ మేరకు స్వీయ గణన గడువు పెంచుతారా? మూతపడిన సంగతి, వివరాలు భద్రంగా ఉన్నాయా లేదా అన్న సంగతి ఎంతసేపట్లో, ఏ ఏ భాషల్లో ప్రకటిస్తారు? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు స్థానిక భాష లిపి చదవడం రాని సందర్భాలు చాలా ఉన్నాయి, కాబట్టి తెలుగులోనూ ప్రకటించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. యానాంలో అయితే జనంలో ఎక్కువమంది తెలుగువాళ్ళే.

ఇంట్లో చేసుకోవాల్సినవీ ఒకటి రెండున్నాయి. చివరి రోజు సాయంత్రానికి పెట్టుకోవద్దు. దాడి లేకపోయినా ఆ వేళ రద్దీ తప్పదు. పేజీ తెరుచుకోకపోతే పది సార్లు రిఫ్రెష్ కొట్టకండి. ప్రతి నొక్కుడూ సర్వర్‌కు మరో విన్నపమే, మరికాస్త బరువే. గంట ఆగి చూడండి. తెరుచుకోలేదు కదా అని ఎవరో పంపిన ‘వేరే లింకు’ మాత్రం తాకవద్దు. అసలు సైట్ మూతపడిన సమయమే నకిలీ సైట్లకు పండుగ.

మాతృభాష గడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. జనగణనలో మాతృభాష అంటే మనకు చదవను రాయను వచ్చిన భాష కాదు, బడిలో నేర్చిన భాష కాదు. బాల్యంలో మనతో మన తల్లి మాట్లాడిన భాష. ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా రాయాలి. పిల్లలు తమిళ మాధ్యమంలోనో కన్నడ మాధ్యమంలోనో చదువుతున్నారని అక్కడ ఆ భాష పేరు రాసేవాళ్ళున్నారు. అమ్మ వాళ్ళతో తెలుగులో మాట్లాడి ఉంటే రాయాల్సింది తెలుగే. నింపడం పూర్తయ్యాక వచ్చే గుర్తింపు సంఖ్యను కాగితం మీద రాసుకుని రేషన్ కార్డుతో పాటు దాచండి. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు చూపించాల్సింది దాన్నే. పోర్టల్ మొరాయించి ఆ సంఖ్య రాకపోతే, ఎన్యూమరేటరు వాకిట్లో ఉన్నప్పుడే, వాళ్ళ ఫోను తెర మీద ఆ గడి ఒకసారి చూపించమని అడగండి.